మీ ముందు ఇరవై ఏడుగురు

మార్చి 3

నేను పనిచేసే లైబ్రరీలో సగం వాడి పక్కన పడేసిన టోకెన్ రిజిస్టరు ఒకటుంటే అడిగి తెచ్చుకున్నాను. పేజీకి నాలుగు గడులు: పేరు, వచ్చిన టైము, కూర్చున్న టైము, లేచిన టైము. గడులు పట్టించుకోకుండా అడ్డంగా రాస్తున్నాను.

నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ మాట ముందే రాసిపెడుతున్నాను.

ఇవాళ కాలేజీ కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ 12 లోపల మా అమ్మాయి పిచ్చుక తన పరిశోధనలో చూపించిన అంకెలన్నీ అదే యంత్రం మీద మళ్ళీ తెప్పించి చూపించాలట. చూపించలేకపోతే అవి దొంగ అంకెలని తేలినట్టేనట, పరిశోధన నుంచి పేరు కొట్టేస్తారట. పిచ్చుక చదివి, నాలుగు మడతలు పెట్టి, నీళ్ళగ్లాసు కింద పెట్టింది. గ్లాసు చెమ్మకి సంతకం దగ్గర సిరా పాకింది. ఆరబెట్టి దాచాను.

మార్చి 5

మూడేళ్ళు. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే చీకటి పడ్డాక వచ్చేది. ఎక్కడో దూరదేశంలో, చలికి గాలి కూడా గడ్డకట్టేంత చల్లని డబ్బాలో ఉంటుందట ఆ క్వాంటమ్ కంప్యూటర్. ఇక్కడ కూర్చుని ఇంటర్నెట్లో లెక్క పంపితే అక్కడ చేసి జవాబు పంపిస్తుందట. ఆ జవాబులో తప్పులు దొర్లుతాయి. ఆ తప్పులు ఎక్కడ పుడుతున్నాయో పసిగట్టి తీసేసే పద్ధతి మా పిచ్చుక కనిపెట్టింది. దాని పరిశోధనకి గైడుగా ఉన్న పెద్దసారు భుజం తట్టి, పరిశోధన పత్రం అచ్చయ్యే రోజుకి దాని మీద తన పేరు ఒక్కటే వేసుకున్నాడు. ఇదేమిటని అడిగితే, ఈ అమ్మాయి అంకెలు అసలు యంత్రం మీద వచ్చినవి కావు, మామూలు కంప్యూటర్లో యంత్రాన్ని అనుకరించే సిమ్యులేటర్ మీద వండినవి అని కమిటీకి ఫిర్యాదు రాశాడు. అసలు రికార్డులన్నీ కాలేజీ అకౌంటులో ఉన్నాయి. ఆ అకౌంటు ఆయన చేతిలో ఉంది.

మా ఇంటికి ఒకసారి వచ్చాడు. రెండుసార్లు కాఫీ అడిగి తాగాడు. ఇచ్చింది నేనే.

మార్చి 6, గురువారం

ప్రార్థన సంఘంలో ఇవాళ క్షమ గురించి చదువుకున్నాం. నేనే చదివాను, నా గొంతు మెత్తగా ఉంటుందని ఎప్పుడూ నాకే ఇస్తారు. చదువుతున్నంతసేపూ ఆయన మెడ మీది పుట్టుమచ్చే కళ్ళముందు కదిలింది.

మార్చి 9

పిచ్చుక అన్నం తిన్నది. సగం.

మార్చి 17

ఇవాళ నోటీసు బోర్డుకి అంటించమని కాలేజీ వాళ్ళు పోస్టరు పంపారు. పెద్దసారు ఫొటో, కింద: ఏప్రిల్ 11, మధ్యాహ్నం మూడు గంటలకు బహిరంగ ప్రదర్శన. అతిథుల ఎదుట క్వాంటమ్ కంప్యూటర్‌కి లెక్క పంపి జవాబు తెప్పిస్తారట. ఇంటర్నెట్లో అందరూ చూడవచ్చట. అడుగున పెద్ద అక్షరాలు: 'ఇది అందరికీ తెరిచిన యంత్రం. ముందుకు వెళ్ళే ప్రత్యేక దారి నాకొద్దు. నేనూ అందరితోపాటే లైనులో నిలబడతాను.'

ప్రదర్శన సజావుగా జరిగితే ఆయన్ని ఆ పరిశోధన సంస్థకంతటికీ అధిపతిని చేస్తారని లైబ్రేరియన్ గారు చెప్పారు.

నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చాను. ఐదోది అక్కర్లేదు. గుచ్చాను.

మార్చి 18

పిచ్చుక గదిలోకి వెళ్ళి మంచం చివర కూర్చున్నాను. లైబ్రరీకి వచ్చేవాళ్ళు ఆ యంత్రం గురించి అడుగుతున్నారు, నాకు జవాబు తెలియక తలదించుకోవాల్సి వస్తోంది, కాస్త నేర్పించు అన్నాను. ఎవరూ అడగలేదు. గోడ వైపు తిరిగే, పడుకునే, ఐదు నిమిషాలు చెప్పింది. నాకేమీ అర్థం కాలేదు. రేపు మళ్ళీ చెప్పమన్నాను.

మార్చి 20

ఇవాళ లేచి కూర్చుని చెప్పింది. రెండు నాణేలు కలిపి ఎగరేస్తే ఎప్పుడూ రెండూ ఒకేలా పడాలనుకో అమ్మా, రెండూ బొమ్మ, లేకపోతే రెండూ బొరుసు. వెయ్యిసార్లు ఎగరేయిస్తాం. యంత్రం లెక్కపెట్టి చెబుతుంది. కానీ అక్కడక్కడ ఒకటి బొమ్మా ఒకటి బొరుసూ పడుతుంది, అవే తప్పులు. తప్పు ఒక్కటీ లేకుండా వచ్చిందంటే అది అసలు యంత్రం కాదన్నమాట.

ఇంట్లో ఉన్న కంప్యూటర్లోనే నాకు అకౌంటు తెరిచింది. పేరు, మెయిలు, అంతే. నెలకి పది నిమిషాలు ఎవరికైనా ఉచితం. నేను కూడా ఎవరైనాలో ఒకదాన్ని.

మార్చి 22

నా మొదటి లెక్క పంపాను. పిచ్చుక లెక్కలు చేసిందీ, పెద్దసారు చూపించబోయేదీ ఈ యంత్రమే. పాతది, ఎక్కువమంది రారు. లైనులో ఉన్నవాళ్ళ పేర్లు తెరమీద అందరికీ కనబడతాయి, మా లైబ్రరీ బోర్డు మీదలాగే. నా ముందు ఇద్దరు. తర్వాత నేను. వెయ్యిలో 488 బొమ్మలు, 481 బొరుసులు, 31 తప్పులు.

పిచ్చుక నా భుజం మీదుగా వంగి చూసి, 'పర్లేదే, లైబ్రరీ మేడమ్‌గారూ' అంది.

ఆ ఫిర్యాదు వచ్చిన అయిదు నెలల తర్వాత దాని నోట ఇదే మొదటి వేళాకోళం.

మార్చి 26

ఇవాళ అడిగాను. ఒకరే వంద లెక్కలు పంపితే లైను ఆగిపోదా అని. ఆగదట. యంత్రం వంతులవారీగా ఒక్కో అకౌంటు నుంచి ఒక్కో లెక్క తీసుకుంటుందట.

'మరి వందమంది, ఒక్కొక్కరూ ఒక్కొక్కటి, పది నిమిషాలు పట్టేది పంపితే?'

పిచ్చుక నవ్వింది. పళ్ళు కనబడేలా. 'అప్పుడు ఇంక అంతే సంగతులు. లైను కదలదు. ఎవరు పంపుతారమ్మా వందమంది?'

'ఊరికే అడిగానులే' అన్నాను.

పందొమ్మిదేళ్ళుగా ఎనిమిది కంప్యూటర్లకి టోకెన్లు ఇస్తున్నాను. మనిషికి అరగంట. జడ్జీగారి అబ్బాయి వచ్చినా వరస తప్పించలేదు. లైను ఎలా కదులుతుందో నాకు తెలుసు. ఎలా కదలదో కూడా తెలుసు.

మార్చి 27, గురువారం

ప్రార్థనలో ముప్పై ఒక్కరం ఉన్నాం. లెక్కపెట్టాను. దేవుడు దారి చూపిస్తాడంటే నమ్మని వాళ్ళని చూస్తే జాలేస్తుంది.

ఏప్రిల్ 3, గురువారం

చెప్పాను. మా అమ్మాయి పరీక్షకి పనికొస్తుంది, తలా ఒక చెయ్యి వెయ్యండి అన్నాను. నేను ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగలేదు కాబట్టి అందరూ ఒప్పుకున్నారు. దర్జీ అక్క అయితే 'ఇంత చిన్న పనికి అంత మొహమాటమేంటి చెల్లీ, పిచ్చుక మాకు మాత్రం బిడ్డ కాదా' అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

లెక్కల టీచరమ్మ ఒక్కతే అడిగింది, దీనివల్ల అమ్మాయికి ఏం ఒరుగుతుంది అని. బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల కాపీలు పట్టుకున్న మనిషి. యంత్రం ఎంతమందికి పనికొస్తుందో చూడాలట అన్నాను. అబద్ధం కాదు.

ఏప్రిల్ 7

పిచ్చుక గదిలోంచి టకటక టైపు కొడుతున్న చప్పుడు. ఏమిటని అడగలేదు. పాటలు వెతుక్కుంటోందేమో.

ఏప్రిల్ 8

లైబ్రరీ కంప్యూటర్ల దగ్గర అలవాటు చేయించాను, ఎనిమిదేసి మందిగా. దర్జీ అక్కకి 490 బొమ్మలొచ్చాయి. పక్కనున్న నర్సమ్మకి 502. 'నీ నాణేలు మంచివి, నావి అరిగిపోయాయి' అని అక్క గొడవ. పాస్‌వర్డులు మర్చిపోతారని తలా ఒక చీటీ మీద రాసిచ్చాను.

కమిటీ గడువు శనివారం. ఉత్తరం తీసి పిచ్చుక ముందు పెట్టి ఏం చేద్దామనుకుంటున్నావని అడిగాను. 'చూద్దాంలే అమ్మా' అంది. అంటే వదిలేసిందన్నమాట. అది వదిలేస్తే వదిలేస్తుంది. నేనెందుకు వదలాలి?

ఏప్రిల్ 10

రేపు సాయంత్రం ఆరింటికి యంత్రాన్ని మరమ్మతుకి ఆపేస్తారట, మళ్ళీ పది రోజుల తర్వాతే. ఆయనకి మరో రోజంటూ లేదు.

ఏప్రిల్ 11

మధ్యాహ్నం రెండూపావుకి మొదలుపెట్టాం. ఎనిమిది టోకెన్లూ మా వాళ్ళకే ఇచ్చాను. రోజూ వచ్చే పింఛను తాతగారు బల్ల మీద కూర్చుని నన్నే చూశాడు. ఇవాళ మరమ్మతు తాతగారూ అన్నాను. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి. మూడింటికి పది నిమిషాలుండగా ముప్పై ఒక్కటీ వెళ్ళిపోయాయి. ఒక్కొక్కటి, అలవాటుకి వాడిన సెకన్లు పోను, పది నిమిషాలది.

నా బల్ల మీది కంప్యూటర్లో ప్రదర్శన పెట్టుకున్నాను, శబ్దం తగ్గించి. హాలు నిండా జనం. ముందు వరసలో అతిథులు, మధ్యలో ముఖ్య అతిథి, పెద్ద కళ్ళద్దాల ఆవిడ. పెద్దసారు చేతులు చాపి అందరికీ తెరిచిన యంత్రం గురించి మాట్లాడి, మీట నొక్కాడు. వెనకాల గోడంత తెర మీద వచ్చింది:

మీ ముందు ఇరవై ఏడుగురు.

నవ్వాడు. ప్రజాదరణ బాగుందని చమత్కారం చేశాడు, వాళ్ళూ నవ్వారు. పది నిమిషాలయ్యాక ఇరవై ఆరయింది. ఆయన యంత్రం చరిత్ర చెప్పాడు. ఇరవై ఐదు. తన బాల్యం చెప్పాడు. నీళ్ళు తాగాడు. ఎవరికో ఫోను చేసి, గొంతు తగ్గించి, నవ్వు మాత్రం అలాగే ఉంచి ఏదో అడిగాడు. చెమట మెడ మీదికి దిగి, పుట్టుమచ్చ దగ్గర ఆగింది. ముందు వరసలో ఒకాయన పక్కాయనతో ఏదో అన్నాడు, ఇద్దరూ భుజాలు కదిలేలా నవ్వుకున్నారు, ఆయన మాటలకి కాదు. నాలుగూ ఇరవైకి ముఖ్య అతిథి లేచింది. ఆయన వేదిక దిగి ఆవిడ వెంట తలుపు దాకా వెళ్ళాడు. ఇంకొక్క పది నిమిషాలు మేడమ్ అన్నాడని పెదాలు చూస్తే తెలిసింది. ఆవిడ గడియారం చూపించింది. కుర్చీలు ఖాళీ అవుతుంటే వెనక తెర మీద ఇంకా ఆ అంకె.

నా కడుపు చల్లబడింది. దేవుడి ఎదుట రాస్తున్నాను, అయిదు నెలల తర్వాత నా కడుపు చల్లబడింది.

అప్పుడు, నాలుగున్నరకి, యంత్రం పేజీలో లైను మొత్తం చూశాను. మా వాళ్ళ పేర్లు, వాటి కింద కాలేజీ పేరు. దాని కింద ఇంకొక పేరు.

పిచ్చుక.

కొత్త అకౌంటు. మూడింటికి పంపింది. కాలేజీ వెనకాలే.

ఇంటికి ఫోను చేస్తే, కమిటీకోసం పద్ధతంతా పది నిమిషాల్లో పట్టేలా మళ్ళీ రాశానమ్మా, ఇందాకే పూర్తయింది, వచ్చాక చెబుదామనుకున్నా అంది. నాకు చెబుతూ చెబుతూ ఉంటే మళ్ళీ చెయ్యబుద్ధేసిందట. 'లైను ఇవాళ ఎందుకో పెద్దగా ఉందమ్మా. ఆరు లోపల వస్తుందంటావా?'

వస్తుంది తల్లీ అన్నాను.

నా లెక్క రద్దు చేశాను. మిగతావి నేను చెయ్యలేను. ఎవరిది వాళ్ళ అకౌంటులోంచే, వాళ్ళ పాస్‌వర్డుతోనే తియ్యాలి. అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఒక్కొక్కరికీ ఫోను చేశాను. దర్జీ అక్క చీటీ పారేసింది. నర్సమ్మ డ్యూటీలో ఉంది. టీచరమ్మ ఒక్క ముక్క అడగకుండా తనది తీసేసింది. ఇంకో ముగ్గురు తీశారు. ఆరింటికి నలుగురు మిగిలారు. తర్వాత ఆయన. తర్వాత పిచ్చుక. తెర మీద 'యంత్రం మూసివేయబడింది' అని వచ్చింది.

నాలుగున్నరకి చూశాను. అప్పటికి చెయ్యగలిగిందంతా చేశాను.

ఏప్రిల్ 12

పిచ్చుకే నన్ను ఓదార్చింది. 'లైను పెద్దగా ఉంటే నువ్వేం చేస్తావు? సార్‌ది కూడా ఆగిపోయిందట తెలుసా' అంది. కమిటీకి ఏమీ పంపలేదు. మంచం మీద పడుకుంది. తలుపు మూసుకోలేదు. మూసుకుంటేనే బాగుండేది.

నాలుగు దాటాకే చూశాను.

ఏప్రిల్ 14

పేపర్లో చిన్న వార్త. 'అందరితోపాటే లైనులో' అన్న ఆయన మాట శీర్షికగా పెట్టారు, కింద ఖాళీ కుర్చీల ఫొటో. అధిపతి పదవి సంగతి వాయిదా వేశారట. లైబ్రేరియన్ గారు పైకి చదువుతూ నవ్వారు. ఆ కాగితం కత్తిరించి ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను.

మూడున్నరకి ఒకసారి ఆ పేజీ తెరిచిన మాట నిజమే. సరిగ్గా చూసి ఉండను.

ఏప్రిల్ 15

కమిటీ నుంచి రెండో ఉత్తరం. గడువు దాటింది కాబట్టి ఈ నెలాఖరుకి పేరు తొలగిస్తారట. పిచ్చుక పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది. టేపు అంటించడానికి నన్ను చివర పట్టుకోమంది. పట్టుకున్నాను.

ఏప్రిల్ 16

టీచరమ్మ వచ్చింది. పిచ్చుక స్నానానికి వెళ్ళినప్పుడు, నిలబడే అడిగింది.

'నా చేత ఎవరి దారికి అడ్డం వేయించావు?'

చెప్పాను. పెద్దసారు సంగతి చెప్పాను. పిచ్చుక లెక్క సంగతి చెప్పాను. ఆవిడ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, ఆలస్యం అమ్మాయి తప్పు కాదని రుజువైతే కమిటీ ఇంకో తేదీ ఇవ్వాల్సిందే, ఏ కాలేజీలోనైనా అదే పద్ధతి అంది. లైను దానంతటది పెరగలేదు, కావాలని నింపారు అని ఎవరో ఒకరు రాసి ఇవ్వాలి.

'రాసిస్తే ఆయనకి కూడా అదే వర్తిస్తుంది కదా టీచరమ్మా. ఆయన తప్పేం లేదు, ఎవరో కావాలని చేశారు పాపం అంటారు.'

'అంటారు.'

'మళ్ళీ ఆ కుర్చీ ఆయనకే ఇస్తారు.'

'ఇస్తారు. అయితే నీకు ఎవరు కావాలో తేల్చుకో.'

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ముప్పై మందిని దేవుడి పేరు చెప్పి కూర్చోబెట్టావు, వాళ్ళ సంగతి తర్వాత మాట్లాడుకుందాం అంది.

ఏప్రిల్ 17, గురువారం

ఒంట్లో బాగాలేదని ప్రార్థనకి వెళ్ళలేదు.

ఏప్రిల్ 18

ఆయన మొహానికి అంటిన మసి తుడవడానికి నా చెయ్యే కావాలా స్వామీ. ఇంకెవరూ దొరకలేదా.

ఏప్రిల్ 19

కత్తిరించిన ఫొటో పదిసార్లు చూశాను. ఖాళీ కుర్చీలు నలభై రెండున్నాయి.

ఏప్రిల్ 20

మూడూ ఇరవై.

మూడూ ఇరవైకి చూశాను. పిచ్చుక అన్న పేరు ఆయన కింద స్పష్టంగా ఉంది. మా వాళ్ళందరూ అక్కడే ఉన్నారు, టీలు తాగుతూ, ఎవరి చీటీ వాళ్ళ చేతుల్లో. ఒక్క మాట అంటే అయిదు నిమిషాల్లో అందరూ రద్దు చేసేవాళ్ళు. అప్పుడు ముందు ఆయన లెక్క వెళ్తుంది, తర్వాత పిచ్చుకది. లైను అంటే అంతే కదా. పిచ్చుక వెళ్ళాలంటే ఆయన వెళ్ళాలి. మూడున్నర కల్లా ఆయనకి జవాబు వస్తుంది, చప్పట్లు కొడతారు.

అప్పుడే ఆయన నీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు పళ్ళకి తగిలింది.

ఇంకొక్క అరగంట, ఆరింటిదాకా బోలెడు టైముంది అనుకున్నాను. మా వాళ్ళని నేనే లేపి, పనైపోయింది, ఇంక వెళ్ళండమ్మా అని పంపేశాను. వాళ్ళక్కడే ఉంటే చెప్పెయ్యాలనిపిస్తుందని.

రాశాను. ఇంక ఇది చెరిపెయ్యను.

ఏప్రిల్ 22

కమిటీ గది. పొడుగాటి బల్లకి అటువైపు ముగ్గురు, పక్కగా పెద్దసారు. నేను రాసుకెళ్ళిన కాగితం చదివాను. అదే మెత్తని గొంతుతో. ముప్పై ఒక్క అకౌంట్లు, ఎవరికీ అసలు సంగతి తెలియదు, మా అమ్మాయికి అసలే తెలియదు, చేసింది నేను. మా అమ్మాయి పేరు చూశాక కూడా ఊరుకున్నాను అన్నది కూడా రాసుకెళ్ళాను. ఆ వాక్యం దగ్గర ఆగి, దాటేసి చదివాను. కాగితం మాత్రం వాళ్ళకి ఇచ్చేశాను. అందులో ఉంది.

మధ్యలో కూర్చున్నాయన, ఇదంతా మీరు ఎక్కడ నేర్చుకున్నారమ్మా అని అడిగాడు. మా అమ్మాయి దగ్గర అన్నాను. అతను పక్కనున్నావిడ వైపు చూశాడు. పదో తరగతి చదివిన తల్లికి ఇంత నేర్పగలిగిన పిల్ల అంకెలు వండుకుంటుందా అన్నట్టుగా చూశాడని నాకనిపించింది. నాకనిపించిందంతే.

పిచ్చుకకి మే 2 ఇచ్చారు.

లేచి వస్తుంటే పెద్దసారు వరండాలో ఎదురొచ్చాడు. కమిటీలో ఇద్దరు ఆయన వెనకాలే ఉన్నారు. మొహం ఎంత తేటగా ఉందో. పదకొండు రోజుల బరువు దిగిపోయిన మొహం. దించింది నేను.

'నాకు మీ మీద కోపం లేదమ్మా' అన్నాడు. 'తల్లి మనసు నాకు తెలుసు. మిమ్మల్ని క్షమించాను.'

'నేను మిమ్మల్ని క్షమించలేదు సార్' అన్నాను.

మెల్లగానే అన్నాను. నా గొంతు అంతకంటే పెరగదు. అయినా వెనకున్న ఇద్దరూ ఆగిపోయారు.

ఏప్రిల్ 23

పిచ్చుకకి కాగితం నకలు వచ్చింది. చదివింది. నాతో మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 24, గురువారం

ప్రార్థనకి వెళ్ళి అందరి ముందూ చెప్పాను. దర్జీ అక్క ఏడ్చింది, నాకోసం కాదు. నర్సమ్మ వేరే వరసలో కూర్చుంది. ఇవాళ చదవడానికి పుస్తకం నాకివ్వలేదు.

లైబ్రరీలో నన్ను టోకెన్ల బల్ల మీంచి తీసి పాత పేపర్ల గదిలో వేశారు. లైబ్రేరియన్ గారు చెప్పలేక చెప్పారు. సబబే.

ఏప్రిల్ 28

అన్నం పెడితే తింటుంది. పళ్ళెం తనే కడుక్కుంటుంది. నా పళ్ళెం కడగదు.

ఏప్రిల్ 30

పెద్దసారుని సంస్థకి అధిపతిని చేశారు. పేపర్లో మొదటి పేజీ. 'కుట్రను ఎదుర్కొని' అని రాశారు. దీన్ని కూడా పాత పేపర్ల గదిలో నేనే తేదీ వేసి దొంతరలో పెట్టాలి. పెట్టాను. పైన నాలుగు నెలల పేపర్లు పెట్టాను.

మే 2

పొద్దున తొమ్మిదింటికి పంపింది. తన గదిలోనే. నేను వంటింట్లో ఉన్నాను, లైను ఎంతుందని అడగడానికి నోరు రాలేదు. పదకొండింటికి కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత చాలాసేపు టైపు. తర్వాత నా వెనక నుంచి నీళ్ళు తీసుకుంటూ, 'వచ్చాయి. పంపేశాను' అంది. పది రోజుల్లో మొదటి మాట.

మే 9

కమిటీ రాసింది. అంకెలు అసలు యంత్రం మీద వచ్చినవే, పాతవాటితో సరిపోయాయి, ఫిర్యాదు కొట్టేశాం, పేరు అలాగే ఉంటుంది. పద్ధతి ఎవరు కనిపెట్టారన్నది వేరే విచారణలో చూస్తారట. ఎప్పుడో చెప్పలేదు. ఆయన సంస్థలో ఆయన మీద విచారణ. చూద్దాం. నేను చూస్తాను.

పిచ్చుక ఉత్తరం చదివి, ఈసారి మడత పెట్టకుండా బల్ల మీద పెట్టింది. అట్టపెట్టెలు తెరిచి పుస్తకాలు ఒక్కొక్కటే పైన పెట్టింది. సాయంత్రం ప్రార్థనకి చాప వేసుకుంటుంటే వచ్చి గడపలో కూర్చుంది.

'నా పేరు ఎన్నింటికి చూశావు?'

కాగితంలో టైము రాయలేదు. నాలుగు అనవచ్చు.

'మూడూ ఇరవై.'

'అప్పుడు మీవాళ్ళందరూ అక్కడే ఉన్నారా?'

'ఉన్నారు.'

అది మోకాళ్ళు ముడుచుకుని గడ్డం ఆనించింది. కేకలు వేస్తుందనుకున్నాను. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను, ఈసారి ఇంట్లోంచే. నేను చాప అంచు పట్టుకుని కూర్చున్నాను. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు.

'అప్పుడు ఆయన మొహం ఎలా ఉంది?' అంది.

చెప్పాను. నవ్వు పెదాల మీద ఉండిపోయి కళ్ళు మాత్రం తెర వైపు పరిగెత్తడం చెప్పాను. గ్లాసు పళ్ళకి తగలడం చెప్పాను. చెమట మెడ దాకా రావడం, ముందు వరసలో ఇద్దరి భుజాలు కదలడం, కళ్ళద్దాల ఆవిడ గడియారం చూపించడం, ఆయన తలుపు దాకా వెంటపడటం. వెనక గోడ మీద అంకె.

పిచ్చుక కళ్ళు మూసుకుని విన్నది.

'గ్లాసు దగ్గర్నుంచి మళ్ళీ చెప్పు' అంది.

మళ్ళీ చెప్పాను. ప్రార్థన వేళ దాటిపోయింది.